మైనస్ 30 ఊరికి మారేముందు: చలికాలాల పోలికపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఖమ్మంలో పుట్టి పెరిగినవాణ్ణి. మే నెలలో 45 డిగ్రీల ఎండకు తలకు తడి తువ్వాలు చుట్టుకుని తిరిగిన ఒళ్లు ఇది. కెనడాలో టొరంటో పక్కన మిస్సిసాగాలో మూడు చలికాలాలు గడిపాను, ఆ తర్వాత విన్నిపెగ్‌లో ఇప్పటికి ఆరు. ఏటా ఆగస్టు దాటిందంటే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఎడ్మంటన్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లొచ్చా?" "బ్రో, మినియాపోలిస్ మేలా, షికాగో మేలా?" "బాబూ, మా అమ్మాయికి సస్కటూన్‌లో సీటు వచ్చింది, బతుకుతుందా?" అందరికీ విడివిడిగా చెప్పిందే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు అంకెలు చెప్పండి. ఏ ఊరు ఎంత చలి?

జనవరి నెల సగటు ఉష్ణోగ్రత, అంటే రాత్రీ పగలూ కలిపి, సుమారుగా ఇలా ఉంటుంది. టొరంటో నగరం నడిబొడ్డున మైనస్ 4. షికాగో కూడా దాదాపు అంతే. కాల్గరీ మైనస్ 7. మినియాపోలిస్ మైనస్ 9. మాంట్రియల్, అటావా, ఎడ్మంటన్ మూడూ మైనస్ 10 చుట్టుపక్కల. సస్కటూన్ మైనస్ 14. మా విన్నిపెగ్ మైనస్ 16. అక్కణ్ణుంచి పైకి వెళ్తే అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ మైనస్ 22, ఉత్తర కెనడాలోని ఎల్లోనైఫ్ మైనస్ 25. రష్యాలో యాకుత్స్క్ అయితే మైనస్ 38. ఆ ఊరి గురించి నన్నెవరూ ఇంతవరకు అడగలేదు, అది వేరే సంగతి.

ఇవి సగటులు కాబట్టి మధ్యాహ్నం దీనికంటే కాస్త ఎక్కువ, తెల్లవారుజామున కాస్త తక్కువ ఉంటుంది. విన్నిపెగ్‌లో మామూలు జనవరి రోజు అంటే పగలు మైనస్ 11, రాత్రి మైనస్ 21. మైనస్ 30 కిందికి దిగే రాత్రులు ఏటా కొన్ని ఖాయంగా ఉంటాయి.

విన్నిపెగ్ రికార్డు మైనస్ 47 అని చదివాను. భయమేస్తోంది.

మైనస్ 47.8. నిజమే. ఆ రోజు ఏదో తెలుసా? 1879 డిసెంబర్ 24. రైలు కూడా సరిగ్గా రాని కాలం. అలాంటి అంకె మనవళ్లకు కథ చెప్పడానికి పనికొస్తుంది గానీ ఇల్లు మారాలా వద్దా అని తేల్చుకోవడానికి కాదు.

మీరు చూడాల్సింది ఆ ఊరి ముప్పై ఏళ్ల సగటులు. వాతావరణ శాఖల వెబ్‌సైట్లలో 'క్లైమేట్ నార్మల్స్' పేరుతో ప్రతి ఊరికీ పట్టికలు ఉంటాయి. అందరూ ఆ పట్టికలో జనవరి గడి చూసి మూసేస్తారు. అదే పొరపాటు. జనవరి కాదు, నవంబర్, మార్చి, ఏప్రిల్ గడులు చూడండి. టొరంటోలో జనవరి ఎంత చల్లగా ఉంటుందో, విన్నిపెగ్‌లో మార్చి ఇంచుమించు అంత చల్లగా ఉంటుంది. ఒకరికి చలి నడినెత్తిన ఉన్న నెల, ఇంకొకరికి 'హమ్మయ్య, తగ్గింది' అనుకునే నెల.

మనిషిని కుంగదీసేది ఒక్క మైనస్ 35 రోజు కాదు. ఆ రోజు ఇంట్లో కూర్చుని, ఫొటో తీసి అందరికీ పంపి, ఒకరకంగా గర్వపడతాం కూడా. ఉగాదికి మామిడికాయలు వచ్చాయని మన ఊరి నుంచి ఫొటోలు పంపుతుంటే, ఇక్కడ ఇంటి ముందు నల్లగా మురికి పట్టిన మంచు కుప్ప ఇంకా కరగకుండా కూర్చుంటుంది చూడండి, అదీ అసలు పరీక్ష. నా లెక్కలో చలికాలాన్ని లోతుతో కాదు, పొడవుతో కొలవాలి.

విండ్‌చిల్ అంటే ఏమిటి? ఫోన్‌లో ఒకటి, రేడియోలో ఒకటి చెబుతున్నారు.

ఒంటి చుట్టూ మన వేడికి ఒక పల్చటి వెచ్చటి పొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఆ పొర ఎగిరిపోతుంది, చర్మం తొందరగా చల్లబడుతుంది. ఆ గాలిలో ఒంటికి తెలిసే చలి, గాలి లేని రోజున ఎన్ని డిగ్రీల చలితో సమానమో చెప్పే అంకే విండ్‌చిల్. ఉష్ణోగ్రత మైనస్ 20 ఉండి, గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే విండ్‌చిల్ మైనస్ 33 అవుతుంది. అదే మైనస్ 10 దగ్గర అంత గాలి వీస్తే మైనస్ 20.

ఇది భయపెట్టడానికి పెట్టిన అంకె కాదు, పనికొచ్చే అంకె. విండ్‌చిల్ మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాలు చాలు. చెవి తమ్మెలు, ముక్కు కొన, వేళ్లు, బుగ్గలు ముందు పోతాయి. నొప్పి పుట్టి, ఆ తర్వాత నొప్పి ఆగిపోయిందంటే సంతోషించకండి, అప్పుడే ప్రమాదం. వెంటనే లోపలికి వెళ్లి గోరువెచ్చని నీళ్లలో పెట్టాలి. రుద్దకూడదు, పొయ్యి సెగకు పెట్టకూడదు. తిమ్మిరి తగ్గకపోయినా, చర్మం తెల్లగా మైనంలా ఉండిపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

రెండు ఊళ్లు పోల్చేటప్పుడు గాలి లెక్క వదిలేస్తే మోసపోతారు. విన్నిపెగ్ బల్లపరుపు మైదానంలో ఉంది, గాలికి అడ్డే లేదు. డౌన్‌టౌన్‌లో పోర్టేజ్, మెయిన్ వీధులు కలిసే కూడలి ఈ విషయంలో దేశమంతా పేరు మోసింది. ఎడ్మంటన్‌లో అంత గాలి ఉండదు. కాబట్టి రెండింటికీ తేడా కాగితం మీది ఆరు డిగ్రీలే కాదు, ఒంటికి ఇంకా ఎక్కువ.

ఇంకొకటి. విండ్‌చిల్ మనుషులకే. బయట మైనస్ 20 ఉంటే కారు మైనస్ 20 దాకానే చల్లబడుతుంది, గాలి ఎంత వీచినా అంతకంటే దిగదు.

టొరంటో మైనస్ 5 కంటే మీ దగ్గర మైనస్ 20 నయం అంటారు. నిజమా, ఓదార్పా?

సగం నిజం, సగం ఓదార్పు. విన్నిపెగ్ వాళ్లను అడిగితే 'మాది పొడి చలి' అని గొప్పగా చెబుతారు. గాలిలో తేమ ఒక్కటే ఆ తేడా తెస్తుందని నేను నమ్మను, అంత చలిలో గాలి ఎలాగూ తేమ పట్టుకోలేదు. అసలు తేడా వేరేచోట ఉంది.

టొరంటోలో ఉష్ణోగ్రత సున్నాకి అటూ ఇటూ ఊగుతుంటుంది. పొద్దున వాన, సాయంత్రం మంచు, రాత్రికి గడ్డ. రోడ్ల మీద చల్లిన ఉప్పుతో మంచు కరిగి బూడిద రంగు జావలా తయారవుతుంది, దాన్ని స్లష్ అంటారు. అందులో కాలు పడితే సాక్సు తడుస్తుంది. తడిసిన సాక్సుతో మైనస్ 3లో బస్సు కోసం నిలబడటం కంటే, పొడి సాక్సుతో మైనస్ 18లో నిలబడటం నిజంగానే సుఖం. ఇది రెండూ చేసి చెబుతున్న మాట.

దానికి తోడు మబ్బు. మిస్సిసాగాలో ఉన్న మూడేళ్లూ డిసెంబర్ అంటే నాకు బూడిద రంగే గుర్తు. ఇక్కడ బాగా చలి ఉన్న రోజు అంటే దాదాపు ఆకాశం నిర్మలంగా, ఎండ కళ్లు చెదిరేలా ఉన్న రోజు. మంచు మీద పడి ఎండ తిరిగి కళ్లలోకి కొడుతుంది, చలికాలంలోనే నల్లకళ్లజోడు కావాలి. నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే "ఇంత ఎండ ఉంది, చలి అంటావేందిరా" అన్నాడు. అప్పుడు మైనస్ 29.

ఇంకో మాట కూడా చెప్పాలి. సున్నాకి అటూ ఇటూ ఊగే ఊళ్లలోనే గడ్డకట్టే వాన బెడద ఎక్కువ. వానలాగే పడి, తగిలిన చోటల్లా గాజులా గడ్డకడుతుంది. 1998 జనవరిలో మాంట్రియల్, అటావా ప్రాంతాల్లో ఇలాంటి వానకే కరెంటు టవర్లు కూలిపోయి లక్షల ఇళ్లు చీకట్లో ఉన్నాయి. మా దగ్గర నవంబర్‌లో గడ్డకట్టిందంటే మార్చి దాకా గడ్డకట్టే ఉంటుంది. అదీ ఒక స్థిరత్వమే!

లండన్ విన్నిపెగ్ కంటే ఉత్తరాన ఉంది కదా? అక్కడ మంచే పడదేం?

మంచి ప్రశ్న, చాలామంది మ్యాప్ చూసి ఇక్కడే బోల్తా పడతారు. విన్నిపెగ్ దాదాపు 50 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, లండన్ 51 దాటి. అయినా అక్కడ జనవరి సగటు సున్నాకి పైనే. పడమటి గాలులు అట్లాంటిక్ సముద్రపు వెచ్చదనాన్ని మోసుకొచ్చి యూరప్ మీద పోస్తాయి. విన్నిపెగ్‌కి ఏ సముద్రమైనా చాలా దూరం, ఉత్తరాన ఆర్కిటిక్ దాకా అడ్డుకొండ లేదు. అక్షాంశం వెలుతురు సంగతి చెబుతుంది, చలి సంగతి పూర్తిగా చెప్పదు.

వెలుతురు అన్నారు. పగలు నిజంగా అంత చిన్నదా?

చలి కంటే దీనికి సిద్ధపడాలని నేను అందరికీ చెబుతాను, ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు. డిసెంబర్ 21 చుట్టుపక్కల టొరంటోలో అది సుమారు 9 గంటలు, విన్నిపెగ్‌లో 8, ఎడ్మంటన్‌లో ఏడున్నర, ఎల్లోనైఫ్‌లో 5, ఫెయిర్‌బ్యాంక్స్‌లో 4 గంటల లోపే.

విన్నిపెగ్‌లో ఆ రోజుల్లో సూర్యుడు 8:24కి వచ్చి 4:29కి వెళ్లిపోతాడు. ఆఫీసుకి చీకట్లో వెళ్లి, చీకట్లో తిరిగొస్తారు. కిటికీ లేని సీటు దొరికిందా, వారమంతా ఎండ మొహం చూడరు. మొదటి డిసెంబర్‌లో నాకు సాయంత్రం ఐదున్నరకే అన్నం తిని పడుకోవాలనిపించేది, ఒంట్లో ఏదో జబ్బు చేసిందని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం తర్వాత ఎంత చలి ఉన్నా పదిహేను నిమిషాలు బయట నడుస్తాను.

మన చర్మం రంగుకి విటమిన్ డి సంగతి కూడా చూసుకోవాలి. ఈ అక్షాంశాల్లో చలికాలం ఎండకు చర్మంలో అది దాదాపు తయారు కాదు. రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పిన మోతాదులో వేసుకోండి. మనసు మరీ బరువెక్కి, ఏ పనీ చేయబుద్ధి కాని స్థితి వారాల తరబడి ఉంటే 'హోమ్‌సిక్' అని సరిపెట్టుకోకండి. దానికి పేరుంది, మందుంది. పొద్దున్నే కూర్చునే 10,000 లక్స్ దీపాలూ ఉన్నాయి. డాక్టర్‌తో మాట్లాడండి.

కాల్గరీలో చలి మధ్యలో చలి పోతుందట?

అవును, షినూక్ అంటారు. రాకీ పర్వతాలు దాటి కిందికి దిగే పొడి వెచ్చటి గాలి. కొన్ని గంటల్లో 20 డిగ్రీలు పెరిగిన సందర్భాలు ఉంటాయి. పడమటి ఆకాశంలో మబ్బు కమానులా విల్లు కట్టి కనిపిస్తుంది, దాని కింద నీలి ఆకాశం. చలికాలానికి విరామం దొరికినట్టే. కానీ ఆ గాలి వచ్చిన రోజు కొందరికి మైగ్రేన్ పట్టుకుంటుంది, కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి రోడ్డు అద్దం అవుతుంది. మీకు మైగ్రేన్ ఉంటే ఎడ్మంటన్, లేకపోతే కాల్గరీ అన్నంత సులువుగా తేలే విషయం కాదు గానీ, తెలిసి ఉండటం మంచిది.

చలి ఎక్కువుంటే మంచు కూడా ఎక్కువ పడుతుందా?

కాదు. బాగా చల్లటి గాలిలో తేమే ఉండదు, ఇక మంచు ఎక్కణ్ణుంచి పడుతుంది? విన్నిపెగ్‌లో ఏడాదికి పడేది 110 సెంటీమీటర్ల పైచిలుకు. దానికంటే వెచ్చగా ఉండే మాంట్రియల్‌లో 200 దాటుతుంది. అమెరికాలో బఫలో ఇంకా ఎక్కువ. అక్కడ గడ్డకట్టని పెద్ద సరస్సు మీదుగా గాలి వచ్చి, తేమ పీల్చుకుని, ఊరి మీద గుమ్మరిస్తుంది. పార పట్టే ఓపిక లేనివాళ్లకు చల్లటి ఊరే మేలు, వినడానికి విచిత్రంగా ఉన్నా. కాకపోతే పడింది పోదు, ఏప్రిల్ దాకా మీతోనే ఉంటుంది.

మన భాషకి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. తెల్లవారుజామున పొలం మీద పరుచుకునేదీ మంచే, గడ్డి మీద బొట్టూ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, రోడ్డు మీద జారేదీ మంచే. ఇక్కడ ఇవన్నీ వేర్వేరు ప్రమాదాలు. అందుకే ఇంట్లో తెలుగే మాట్లాడినా స్నో, ఐస్, ఫ్రాస్ట్, స్లష్ అనేస్తాం. "బయట మంచుంది జాగ్రత్త" అంటే మా ఆవిడ "ఏ మంచు?" అని అడుగుతుంది. దూది మంచు మీద నడవొచ్చు. దాని కింద కనిపించకుండా ఉన్న గాజు గడ్డే నడుం విరగ్గొడుతుంది.

బట్టలు ఇండియాలో కొనాలా, అక్కడికెళ్లి కొనాలా?

థర్మల్స్, అంటే ఒంటికి అంటుకునే లోపలి జత, రెండు ఇండియాలోనే కొనుక్కోండి. ఒక ఉన్ని టోపీ, ఒక మఫ్లర్, ఒక స్వెట్టర్. అంతటితో ఆపేయండి. చలికాలంలో మన ఊళ్లలో రోడ్డు పక్కన టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు లంబసింగికి బాగుంటాయి, ఇక్కడ అవి రెండో పొర మాత్రమే. జాకెట్టు, బూట్లు ఇక్కడికొచ్చాకే కొనాలి. ఇక్కడి దుకాణాల్లో ఏది ఎంత చలికి పనికొస్తుందో లేబుల్ మీద రాసి ఉంటుంది.

పొరలు పొరలుగా వేసుకోవాలి: ఒంటికి తగిలేది చెమట పీల్చి బయటికి పంపేది, మధ్యలో ఫ్లీస్ లేదా ఉన్ని, పైన గాలి చొరబడని పార్కా, అంటే టోపీ కుట్టి ఉన్న మందపాటి కోటు. పిర్రలు కప్పేంత పొడుగుండాలి, టోపీ అంచు లోతుగా ఉండాలి. లోపల కాటన్ బనియన్ మాత్రం వద్దు. మనకి ఎండాకాలంలో అంత సుఖమిచ్చే కాటనే ఇక్కడ శత్రువు, చెమట పట్టి తడిసిందంటే ఆరదు, తడి ఒంటికి అంటుకుని చలి లోపలికి లాగుతుంది. చేతులకి వేళ్లు విడిగా ఉండే గ్లవ్స్ కంటే, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా తొందరగా మొద్దుబారతాయి.

జనవరి ఇన్‌టేక్‌లో వచ్చే పిల్లలకి ఒక్క మాట: ఎయిర్‌పోర్ట్‌కి ఎవరు వస్తున్నారో ముందే మాట్లాడుకుని, వాళ్లని ఒక జాకెట్టు తెమ్మని అడగండి. సిగ్గుపడకండి, అందరి ఇళ్లలోనూ పాత జాకెట్టు ఒకటి వేలాడుతూ ఉంటుంది.

కారు గురించి చెప్పండి.

నేను ఇక్కడికొచ్చాక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ముందు గ్రిల్‌లోంచి ఒక ప్లగ్గున్న వైరు వేలాడుతోంది. ఏదో ఊడిపోయిందనుకుని లోపలికి తోసేశాను. జనవరిలో ఒక పొద్దున మైనస్ 34. డోర్ తెరవడానికే భుజం పెట్టి లాగాల్సి వచ్చింది. సీటు బండరాయిలా ఉంది. తాళం తిప్పితే ఇంజన్ ముసలాయన మూలిగినట్టు ఒకసారి మూలిగి ఊరుకుంది. రెండోసారి అదీ లేదు. పక్కింటి పెద్దాయన, యుక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ల మనవడు, తన కిటికీలోంచి ఇదంతా చూస్తూ ఉన్నాడు కాబోలు, జంపర్ కేబుళ్లు పట్టుకుని వచ్చాడు. కారు స్టార్టయ్యాక వంగి, నేను లోపలికి తోసిన వైరు బయటికి లాగి, నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

అది బ్లాక్ హీటర్ వైరు. ఇంజన్‌కి పెట్టిన చిన్న హీటరు, రాత్రి గోడ ప్లగ్గుకి తగిలిస్తే పొద్దున ఇంజన్ గోరువెచ్చగా ఉంటుంది. మైనస్ 20 చేరిందంటే తగిలించాలి. రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు వెలిగేలా టైమర్ పెట్టుకుంటే కరెంటు మిగులుతుంది. అందుకే ఇక్కడ అపార్ట్‌మెంట్ చూసేటప్పుడు పార్కింగ్‌లో ప్లగ్ ఉందా అని అడుగుతారు. మీరు వెళ్లబోయే ఊళ్లో పార్కింగ్ స్తంభాలకు ప్లగ్గులు కనిపిస్తే, ఆ ఊరి చలి ఏపాటిదో అదే చెబుతుంది. టొరంటోలో అవి కనిపించవు.

ఇక మిగతావి: వింటర్ టైర్లు తప్పనిసరి అనుకోండి, చట్టం అడిగినా అడగకపోయినా. మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా చట్టమే. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల కిందే బిగుసుకోవడం మొదలవుతుంది. అద్దం కడిగే నీళ్లు మైనస్ 40 దాకా గడ్డకట్టని రకం పోయించండి. పెట్రోల్ సగానికి తగ్గనివ్వకండి. డిక్కీలో ఒక దుప్పటి, పార, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. మంచులో చిక్కుకుపోయి ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని కూర్చోవాల్సి వస్తే ముందు దిగి సైలెన్సర్ గొట్టం దగ్గర మంచు తీసేయండి, లేకపోతే పొగ లోపలికి వచ్చి ప్రాణం తీస్తుంది. అదే కారణానికి మూసిన గ్యారేజీలో ఇంజన్ వేడి చేయొద్దు. ఎలక్ట్రిక్ కారైతే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం బాగా పడిపోతుంది, మూడో వంతు తగ్గుతుందనుకుని లెక్క వేసుకోండి.

మరీ చలి రోజుల్లో మొదటి కిలోమీటరు కారు టకటకమని ఎగురుతూ వెళ్తుంది. కంగారు పడకండి. రాత్రంతా ఒకేచోట నిలబడి టైరు అడుగు చదునుగా బిగుసుకుపోయి ఉంటుంది, కాస్త తిరిగాక గుండ్రంగా అవుతుంది.

ఇంట్లో కూడా చలేస్తుందా?

లేదు. ఇళ్లన్నీ 20, 21 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటాయి. నిజం చెప్పాలంటే జనవరిలో ఢిల్లీలో మా తమ్ముడి గదిలో వణికినంత ఇక్కడ ఏ ఇంట్లోనూ వణకలేదు. అద్దె ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ అద్దెలో కలిసి ఉందా, విడిగా కట్టాలా అనేది కాగితం మీద చూసుకోండి. నేను మొదట దిగిన ఇంటి ఓనరు 'అన్నీ కలిపే' అన్నాడు, ఫిబ్రవరి బిల్లు వచ్చాక ఆ 'అన్నీ'లో హీటింగ్ లేదని తెలిసింది.

ఇంట్లో బాధ చలి కాదు, పొడి. బయటి గాలిలో తేమ ఎలాగూ లేదు, దాన్నే తెచ్చి వేడి చేస్తాం. పెదాలు పగులుతాయి, పొద్దున ముక్కులో రక్తం చార కనిపిస్తుంది, తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమని షాక్ కొడుతుంది, పిల్లల జుట్టు నిక్కబొడుచుకుంటుంది. గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ ఒకటి కొనండి. అయితే తేమ మరీ పెంచితే కిటికీ అద్దాల లోపల నీరు చేరి గడ్డకడుతుంది, బూజు పడుతుంది. స్నానం కాగానే తడి ఒంటికి కొబ్బరినూనె రాయడం మా ఇంటి పద్ధతి. డబ్బా మాత్రం సెప్టెంబర్ నుంచి మే దాకా తెల్లటి ముద్దే, స్పూనుతో గీకాలి.

పెరుగు తోడుకుంటుందా? దోశ పిండి పులుస్తుందా?

ఈ ప్రశ్న విండ్‌చిల్ కంటే ఎక్కువసార్లు వస్తుంది. కౌంటర్ మీద పెడితే రెండూ జరగవు. ఖమ్మంలో అమ్మ రాత్రి తోడేస్తే పొద్దునకి గడ్డ పెరుగు. ఇక్కడ తెల్లారాక మూత తీస్తే పాలు పాలలాగే మొహం చూస్తాయి.

ఉపాయం ఓవెన్ లైటు. ఓవెన్ వెలిగించకూడదు, లోపలి బల్బు మాత్రం వేయాలి. ఆ చిన్న బల్బు వేడికే లోపల ఎండాకాలం వచ్చేస్తుంది. పాలు వేలు పెడితే ఓర్చుకునేంత వేడిగా ఉన్నప్పుడు, మామూలు కంటే రెట్టింపు తోడు వేసి, గిన్నెకి తువ్వాలు చుట్టి లోపల పెట్టండి. పిండైతే మెత్తగా రుబ్బి, చేత్తో కలిపి, కింద ఒక పళ్లెం పెట్టి మరీ ఉంచండి. పన్నెండు నుంచి పదహారు గంటలు ఇవ్వండి. పళ్లెం ఎందుకంటే ఒకసారి మా పిండి పొంగి ఓవెన్ అడుగంతా పరుచుకుంది, అది చూడకుండా మర్నాడు ఓవెన్ వెలిగించాం. పుల్లట్టు వాసన వారం రోజులు పోలేదు. ఓవెన్ బటన్ మీద ఒక కాగితం అంటించండి, 'లోపల పిండి ఉంది' అని.

పిల్లలు స్కూల్‌కి ఎలా వెళ్తారు? సెలవులిస్తారా?

చలికి సెలవు అరుదు. తుఫానుకి స్కూల్ బస్సులు ఆగుతాయి. విండ్‌చిల్ మైనస్ 27, 28 దాకా రీసెస్‌లో, అంటే ఆటల విరామంలో, పిల్లల్ని బయటికే పంపుతారు, అది దాటితే లోపల ఆడిస్తారు. మొదటి వారం మనకి గుండె ఆగినంత పనవుతుంది, పిల్లలకి మాత్రం పండగే. స్నోప్యాంటు, మిట్టెన్లు రెండు జతలు, అన్నిటి మీదా పేరు రాసి పంపండి. ఒక మిట్టెన్ పోవడం ఖాయం.

సంక్రాంతికి ముగ్గు గురించి కూడా అడుగుతారు. మంచు మీద బియ్యప్పిండి వేస్తే ఏం కనిపిస్తుంది? రంగులే గతి. మా అమ్మాయి పసుపూ కుంకుమ నీళ్లు స్ప్రే సీసాలో పోసి వేసింది, మార్చి దాకా చెరగలేదు.

అమెరికా ఊరితో పోలుస్తుంటే ఫారెన్‌హీట్‌తో తికమకగా ఉంది.

రెండు గుర్తుపెట్టుకోండి. 32 ఫారెన్‌హీట్ అంటే సున్నా సెల్సియస్. మైనస్ 40 దగ్గర రెండూ ఒకటే. అమెరికాలో ఉన్న స్నేహితుడు 'సున్నా' అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 18. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 అని వార్తల్లో వచ్చింది, అది ఫారెన్‌హీట్. మన లెక్కలో మైనస్ 30 దాటింది.

వెళ్లకముందే తట్టుకోగలనో లేదో తెలుసుకునే దారుందా?

ఇంటర్వ్యూకో, ఇల్లు చూసుకోవడానికో జూలైలో వెళ్లి రాకండి. జూలైలో విన్నిపెగ్ స్వర్గం. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు, ఊరంతా పచ్చగా ఉంటుంది. అది చూసి సంతకం పెట్టినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. వీలైతే ఫిబ్రవరిలో వారం రోజులు వెళ్లండి. టాక్సీలో కాదు, సిటీ బస్సులో తిరగండి. ఒక రోజు స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడండి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి చిటపటమంటాయి, కనురెప్పల మీద తెల్లగా పేరుకుంటుంది. 'ఛీ, ఏంటిది' అనిపించిందా, 'భలే ఉందే' అనిపించిందా? ఏ పట్టికా చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇద్దరు వెళ్తుంటే ఇద్దర్నీ అడగండి. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి ఆఫీసు ఉంటుంది, మనుషులుంటారు. ఇంట్లో ఉండేవాళ్లు, ముఖ్యంగా కారు నడపడం రానివాళ్లు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా నాలుగు గోడల మధ్య ఉండిపోతారు. నేను చూసినంతలో ఊరు వదిలి వెళ్లిపోయిన కుటుంబాల్లో సగానికి పైగా కారణం చలి కాదు, ఇదే. రాగానే డ్రైవింగ్ నేర్చుకోవడం జాకెట్టు కొనడమంత ముఖ్యం.

అమ్మానాన్నల్ని ఎప్పుడు రప్పించాలి?

మే నెలాఖరు నుంచి సెప్టెంబర్ మధ్య. మనవడు పుట్టాడనో మరొకటో చలికాలంలో రావాల్సి వస్తే బూట్లకి తగిలించే ఇనుప ముళ్ల పట్టీలు కొనండి. నడవడానికి మాల్‌కి తీసుకెళ్లండి. విన్నిపెగ్, మినియాపోలిస్ డౌన్‌టౌన్లలో భవనాల మధ్య అద్దాల వంతెనలు ఉంటాయి, కోటు లేకుండా నడవొచ్చు. వాళ్ల బీపీ, గుండె మందులు చలికాలంలో ఏమైనా మార్చాలా అని ముందే డాక్టర్‌ని అడగండి.

మా అమ్మ జూన్‌లో వచ్చింది, ఒక సూట్‌కేస్ నిండా స్వెట్టర్లతో. ఆ వారం 33 డిగ్రీలు. "ఫ్యాన్ లేదా ఈ ఇంట్లో?" అన్నది మొదటి మాట.

కరివేపాకు మొక్క బతుకుతుందా?

కుండీలో, ఇంట్లో బతుకుతుంది. దక్షిణం వైపు కిటికీ దగ్గర పెట్టండి, అయితే ఆకు అద్దానికి తగలకూడదు, తగిలిన చోట నల్లబడుతుంది. నీళ్లు పది రోజులకొకసారి చాలు. డిసెంబర్‌లో ఆకులన్నీ రాల్చేసి ఎండు పుల్లలా నిలబడుతుంది, చచ్చిపోయిందనుకుని పారేయకండి. నేను ఒకటి అలాగే పారేశాను. మార్చిలో గోటితో కాస్త గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఉన్నట్టే. మే మూడో వారంలో వచ్చే లాంగ్ వీకెండ్ దాటాక, రాత్రి చలి పోయిందని ఖాయమయ్యాక బయట పెట్టండి.